ఖరీదు ఫోను, చౌక ఫోను: లాభం ఎందులో?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)

బియ్యం కొనేటప్పుడు గుప్పిట్లోకి తీసుకుని నూకలు ఎన్ని ఉన్నాయో చూస్తాం. చీర అయితే అంచు తిప్పి, కొంగు మడత విప్పి, పది చీరలు కుప్ప పోయించి గాని ఒకటి తీసుకోం. బంగారం సంగతి చెప్పనే అక్కర్లేదు. తరుగు ఎంత, మజూరీ ఎంత అని అడిగి అడిగి కంసాలిని విసిగిస్తాం. ఇంత గట్టి బేరగత్తెలం, సెల్ ఫోన్ల దుకాణంలో అడుగు పెట్టేసరికి ఎందుకో నోరు మెదపం. "అదంతా పిల్లవాడికి తెలుసులే" అని ఒక పక్కన కుర్చీలో కూర్చుంటాం. పదివేలకని ఇంట్లోంచి బయల్దేరి పదహారు వేలు ఒప్పుకుని తిరిగి వస్తాం.

ఫోను గురించి తెలుసుకోవలసినవి రెండున్నాయి. లోపల ఉన్న యంత్రం సంగతి ఒకటి. అది పిల్లలకు వదిలేసినా నష్టం లేదు. ఆ ధర ఎట్లా కట్టారు, అందులో ఎవరి లాభం ఎంత అన్నది రెండోది. ఇది మాత్రం ఇల్లు గడిపే ఆడవాళ్ళకు తెలిసి తీరవలసినదే. ఎందుకంటే ఇంట్లో బియ్యం, పాలు, ఫీజులు, మందులు అన్నీ పోగా మిగిలే నాలుగు రాళ్ళూ పోయేది అందులోకే కదా! ఈ వేళ దాన్ని గురించి ముచ్చటించుకుందాం.

ఒక ఫోను ధరలో ఎవరి వాటా ఎంత?

మొదట ప్రభుత్వం వాటా చూద్దాం. సెల్ ఫోను మీద జి.ఎస్.టి. ఒకప్పుడు నూటికి 12 రూపాయలు. 2020 ఏప్రిల్ 1 నుంచి 18 రూపాయలు చేశారు. అంటే 11,800 రూపాయలు పెట్టి ఫోను కొంటే అందులో 1,800 పన్ను కిందే పోతుంది. మిగిలిన పదివేలల్లో పెద్ద భాగం విడి భాగాలది. తెర, బ్యాటరీ, కెమెరా, చిప్పు, మెమరీ, ఇవన్నీ కంపెనీ బయట కొనవలసినవే. ఆ తరువాత కూర్పు కూలి, రవాణా, ప్రకటనలు. ఆపైన డీలరు వాటా, దుకాణదారు వాటా. ఇంతమందీ తీసుకోగా అడుగున మిగిలింది కంపెనీ లాభం.

చౌక రకంలో ఈ మిగులు చాలా స్వల్పం. పోటీ అంత తీవ్రంగా ఉంది. మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించే రెడ్మీ ఫోన్లు షావోమీ అనే చైనా కంపెనీవి. 2015 ఆగస్టులో మన శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారైన రెడ్మీ 2 ప్రైమ్ ఫోనును ఆ కంపెనీ విశాఖపట్నంలో విడుదల చేసింది. ధర 6,999 రూపాయలు. ఆ కంపెనీ అధిపతి లే జున్ 2018లో ఒక ప్రకటన చేశాడు. ఫోన్లు మొదలైన వస్తువుల మీద తాము నూటికి 5 కంటే ఎక్కువ నికర లాభం ఉంచుకోమని, అంతకు మించి వస్తే కొన్నవాళ్ళకే తిరిగి ఇస్తామని. వినడానికి ఎంతో బాగుంది. మరి కంపెనీ ఎట్లా బతుకుతుంది? ఫోనులో వచ్చే ప్రకటనల వల్ల, ముందుగానే ఎక్కించి పంపే యాప్‌ల వల్ల కూడా ఆదాయం వస్తుంది. మనం ఫోను తెరవగానే అడక్కుండానే ఏవేవో ప్రకటనలు కనిపిస్తాయే, అదీ సంగతి. ధరలో తగ్గించింది మరో దారిన రాబట్టుకోవడం అన్నమాట.

ఇక ఖరీదు రకం సంగతి చూడండి. కౌంటర్‌పాయింట్ అనే పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతటా మార్కెట్‌కు వచ్చిన ప్రతి 100 స్మార్ట్ ఫోన్లలో ఆపిల్ కంపెనీవి 18. ఫోన్ల వ్యాపారంలో మిగిలిన లాభంలో మాత్రం 100 రూపాయలకు 85 రూపాయలు ఆపిల్‌వే. తక్కిన 82 ఫోన్లు అమ్మిన కంపెనీలన్నీ కలిసి 15 రూపాయలు పంచుకున్నాయి. చూశారా, అమ్మకం ఒక చోట, లాభం మరో చోట!

ఇది ఎట్లా సాధ్యమని మీరు అడగవచ్చు. ఒక్క ఉదాహరణ చెబుతాను. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16 వచ్చినప్పుడు 128 జీబీ ఉన్నదాని ధర 79,900 రూపాయలు. 256 జీబీ అయితే 89,900. 512 జీబీ అయితే 1,09,900. మూడింటికీ తెర ఒకటే, కెమెరా ఒకటే, డబ్బా కూడా ఒకటే. మెమరీ ఒక్కటే తేడా. ఆ మెమరీ పెంచడానికి కంపెనీకి అయ్యే ఖర్చు మన దగ్గర తీసుకునే పదివేలకు, ముప్పైవేలకు ఎంతో దిగువన ఉంటుంది. మొదటి మెట్టు కంటే పై మెట్ల మీద లాభం చిక్కగా ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే తేటతెల్లమైన సాక్ష్యం ఏం కావాలి?

మరి చౌక రకం తయారు చేయడం ఎందుకు?

లాభం అంతా ఖరీదు రకంలోనే ఉంటే చౌకది మానేయరాదా అనిపిస్తుంది. ఒక లెక్క వేసుకుందాం. ఇది అర్థం కావడానికి నేను కల్పించి చెబుతున్న లెక్క మాత్రమే. పదివేల ఫోను మీద కంపెనీకి 300 రూపాయలు, యాభై వేల ఫోను మీద 9,000 రూపాయలు మిగులుతాయనుకోండి. ఒక ఖరీదు ఫోనుతో వచ్చే లాభం కోసం 30 చౌక ఫోన్లు అమ్మాలి. అయినా ఆ 30 ఫోన్లూ కంపెనీకి కావాలి. ఎందుకంటారా?

మొదటిది, ఫ్యాక్టరీ ఖాళీగా ఉండకూడదు. లక్ష తెరలు కొనేవాడికి ఒక ధర, కోటి తెరలు కొనేవాడికి మరో ధర. చౌక ఫోన్ల కోసం పెద్ద ఎత్తున సరుకు కొనడం వల్ల ఖరీదు ఫోను ఖర్చు కూడా తగ్గుతుంది. రెండవది, ఊరూరా దుకాణంలో పేరు కనిపిస్తూ ఉండాలి. మూడవది, ఈ వేళ పదివేలది కొన్న ఇంటర్మీడియట్ కుర్రాడు రేపు ఉద్యోగం వచ్చాక ఆ కంపెనీదే నలభై వేలది కొంటాడని ఆశ.

అట్లాగని చౌకదాన్నే నమ్ముకుంటే కూడా ప్రమాదమే. 2009లో హైదరాబాదులో మొదలైన సెల్కాన్ కంపెనీ తక్కువ ధర ఫోన్లతో ఎంతో పేరు తెచ్చుకుంది. 2015లో మేడ్చల్ దగ్గర ఫ్యాక్టరీ కూడా పెట్టింది. మైక్రోమాక్స్, కార్బన్ వంటి ఉత్తరాది పేర్లు కూడా ఆ రోజుల్లో ప్రతి దుకాణం ముందూ కనిపించేవి. 2014 నుంచి చైనా కంపెనీలు ఇంకా తక్కువ ధరకు ఇంకా మంచి ఫోన్లు తెచ్చాయి. 2016లో జియో రావడంతో అందరికీ 4జీ ఫోన్లు కావలసి వచ్చాయి. పలచని లాభం మీద నడిచే మన కంపెనీలు ఈ రెండు దెబ్బలకూ తట్టుకోలేక వెనకబడిపోయాయి. గాదెలో గింజలు లేని రైతుకు ఒక్క వాన తప్పినా కష్టమే కదా!

పలచని లాభానికి మరో చిక్కు కూడా ఉంది. 2025 చివరి నెలల్లో మెమరీ చిప్పుల ధర బాగా పెరిగింది. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాలు ఆ చిప్పులను ఎగరేసుకుపోతున్నాయి. లక్ష రూపాయల ఫోనులో వెయ్యి రూపాయల ఖర్చు పెరిగినా కంపెనీ సర్దుకోగలదు. పదివేల ఫోనులో వెయ్యి పెరిగితే సర్దుకునే చోటే లేదు. అయితే ధర పెంచాలి, లేకపోతే లోపల ఏదో ఒకటి తగ్గించాలి. కాబట్టి చౌక ఫోను కొనేవాళ్ళు పోయిన సంవత్సరం ఇచ్చినంత మెమరీ ఈ సంవత్సరం ఇస్తున్నారా లేదా అని ఒకసారి చూసుకోవడం మంచిది.

రెంటికీ మధ్య తూకం

ఇక్కడే కంపెనీకి అసలు పరీక్ష. చౌకది మరీ మంచిగా చేస్తే ఖరీదుది ఎవరూ కొనరు. మరీ అధ్వాన్నంగా చేస్తే పక్క కంపెనీకి పోతారు. చెల్లెలి పెళ్ళిలో అక్కకంటే చెల్లెలే మెరవాలి, అట్లాగని అక్కకు పాత చీర కట్టించనూ కూడదు. అటువంటి సున్నితమైన వ్యవహారం ఇది.

మన ఏనుమాముల మార్కెట్లో మిర్చి రాశులు చూసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఒకే చేనులో, ఒకే మొక్కకు ఎర్రని నికార్సయిన కాయా కాస్తుంది, రంగు పోయిన తాలు కాయా కాస్తుంది. రెంటికీ ధరలో ఎంతో తేడా. అయితే తాలు అనేది ఎండ వల్ల, తెగులు వల్ల వచ్చేది. రైతు కోరి పండించడు. ఫోన్ల వ్యాపారంలో మాత్రం తక్కువ రకాన్ని కంపెనీ తానే కొలిచి తయారు చేస్తుంది. ఫలానా వసతి చౌకదానికి ఇవ్వకూడదు అని ముందే గీత గీస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఆపిల్ 59,900 రూపాయలకు ఐఫోన్ 16ఇ అనే తక్కువ ధర రకాన్ని తెచ్చింది. దానికి వెనక ఒకటే కెమెరా. రెండు కెమెరాలు కావాలంటే పై మెట్టు ఎక్కవలసిందే.

ఈ తూకం అంత పెద్ద కంపెనీకే ఒక్కోసారి కుదరదు. 2013లో ఆపిల్ రెండు ఫోన్లు ఒకేసారి విడుదల చేసింది. 5ఎస్ ఖరీదుది, 5సి రంగురంగుల ప్లాస్టిక్ వెనుక భాగంతో కొంచెం తక్కువది. జనం 5సి మీద ఎగబడతారని అనుకుంటే, అనుకున్నదానికంటే ఎక్కువమంది 5ఎస్ నే అడిగారు. "ఇంత పెడుతున్నాం, ఇంకొంచెం పెడితే మంచిదే వస్తుంది కదా" అనుకున్నారు. ఆ "ఇంకొంచెం" అనే మాట గుర్తుంచుకోండి. ఫోన్ల వ్యాపారమంతా ఆ మాట మీదే నడుస్తోంది.

దుకాణంలో జరిగేది

ఇప్పుడు కంపెనీ నుంచి మన హనుమకొండ చౌరస్తాకు వద్దాం. దీపాల వెలుగులో మెరిసిపోయే ఆ దుకాణాల వాళ్ళకు ఒక్కో ఫోను మీద వేలకు వేలు మిగులుతాయని మనం అనుకుంటాం. అది నిజం కాదు. ఫోను మీద దుకాణదారుకు మిగిలేది సామాన్యంగా నూటికి పది రూపాయల లోపే. అందులోంచే అద్దె, కరెంటు, జీతాలు. పైగా ఆన్‌లైన్‌లో అంతకంటే తక్కువకు దొరుకుతోందని మనం ఫోను తీసి చూపిస్తాం.

ఈ బాధ ఎంతవరకు వచ్చిందంటే, 2024 ఏప్రిల్‌లో దక్షిణాది దుకాణాల సంఘం వన్‌ప్లస్ కంపెనీకి ఉత్తరం రాసింది. మే 1 నుంచి మీ సరుకు అమ్మబోమని. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాత్ రాష్ట్రాల్లో సుమారు 4,500 దుకాణాల వ్యవహారం అది. వాళ్ళ ఫిర్యాదులు మూడు. లాభం మరీ తక్కువ ఇస్తున్నారు. వారంటీ పనులు ఆలస్యం చేస్తున్నారు. ఒక సరుకు కావాలంటే మరో సరుకు కూడా తప్పనిసరిగా ఎత్తుకోవాలంటున్నారు. దుకాణాలతో మాట్లాడి సమస్యలు పరిష్కరిస్తామని కంపెనీ జవాబు చెప్పింది. ఎవరిది న్యాయమో మనకెందుకు గాని, మనకు కావలసిన సంగతి ఇందులో ఒకటుంది. ఫోనులో మిగలనిది దుకాణం మరో చోట సంపాదించుకోవాలి.

ఆ మరో చోటు ఏది? మొదటిది పై మెట్టు. "అమ్మా, ఇంకో మూడు వేలేసుకుంటే దీనికి డబుల్ మెమరీ వస్తది" అంటాడు కుర్రాడు. ఒక్కోసారి ఆ కుర్రాడు దుకాణం మనిషి కూడా కాదు. కంపెనీయే జీతమిచ్చి నిలబెట్టిన మనిషి. తొడుక్కున్న చొక్కా మీద ఎవరి పేరుందో చూస్తే తెలిసిపోతుంది. ఈ నెలలో ఇన్ని అమ్మితే ఇంత బహుమానం అని కంపెనీలు దుకాణాలకు పెట్టే స్కీములు కూడా ఉంటాయి. అందుకే ఒక్కో వారం ఒక్కో ఫోనే అన్నిటికంటే మంచిదని చెబుతుంటారు.

రెండవది కొసరు సరుకు. వెనక కవరు, తెర మీద అంటించే గ్లాసు, చార్జరు, ఇయర్ ఫోన్లు. లాభం నిజంగా ఉన్నది వీటిలోనే. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్న సామెత మనకు కొసరడం బాగా వచ్చిన రోజుల్లోది. ఈ దుకాణంలో కొసరు వేసేది మనకు కాదు, మన బిల్లుకు. అదనపు వారంటీ, తెర పగిలితే ఇన్సూరెన్సు అని మరో వెయ్యి, రెండు వేలు కలుపుతారు. ఒక్కోసారి మనకు చెప్పకుండానే వాయిదాల లెక్కలో కలిసిపోతుంది.

మూడవది వాయిదాల పద్ధతి. "వడ్డీ లేదమ్మా, నెలకు రెండు వేలే" అంటారు. సున్నా వడ్డీ అనేది నిజానికి ఉండదని, వడ్డీని దాచిపెట్టి అట్లా చెప్పడం కుదరదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు ఉత్తర్వు ఇచ్చింది. అప్పటి నుంచి పద్ధతి ఏమిటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీకి సరిపడా ధరలో తగ్గింపు చూపిస్తారు. క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. మనమే కట్టుకోవాలి. ప్రాసెసింగ్ ఫీజు అని మరికొంత. ఒక్క వాయిదా తప్పితే జరిమానా. అసలు కష్టం అది కూడా కాదు. పదహారు వేలు ఒక్కసారి లెక్కపెట్టి ఇవ్వాలంటే చెయ్యి వెనక్కి పోతుంది. నెలకు రెండు వేలంటే చెయ్యి ముందుకు పోతుంది. పై మెట్టు ఎక్కించడానికి వాయిదాలంత నున్నని నిచ్చెన మరొకటి లేదు. మహిళా సంఘంలో తీసుకున్న అప్పు ఇట్లా ఫోను కిందికి మళ్ళిస్తే, ఆడపిల్ల ఫీజు కట్టే జూన్ నెలలో ఎవరిని అడగాలి?

అయితే అతి చౌకదే కొనాలా?

అదీ సరి కాదు. దుకాణంలో చెప్పిన ధర ఒక్కటే చూడకుండా, ఏడాదికి ఎంత పడిందో లెక్క వేయాలి. కుక్కరు కొన్నప్పుడు మనం చేసే లెక్కే ఇది. 9,000 పెట్టిన ఫోను రెండేళ్ళకే మూలపడితే ఏడాదికి 4,500 పడినట్టు. 18,000 ఫోను అయిదేళ్ళు వస్తే ఏడాదికి 3,600 మాత్రమే. అట్లాగని 80,000 పెట్టి ఏడేళ్ళు వాడినా ఏడాదికి పదకొండు వేలు దాటుతుంది. మన్నిక కోసమే ఖరీదుది కొంటున్నాం అనే మాట ఈ లెక్కకు నిలబడదు. మన అవసరానికి మధ్య మెట్టే చాలాసార్లు లాభసాటి.

మన్నిక అంటే తెర పగలకపోవడం ఒక్కటే కాదు. ఫోనుకు రక్షణగా కంపెనీ ఎప్పటికప్పుడు పంపే అప్‌డేట్లు ఎన్నేళ్ళు వస్తాయన్నది ముఖ్యం. గ్యాసు బుకింగు నుంచి బ్యాంకు లావాదేవీల వరకు అన్నీ ఫోనులోనే చేస్తున్నాం కనుక, అప్‌డేట్లు ఆగిపోయిన ఫోను తాళం చెడిపోయిన బీరువా వంటిది. 2024 జనవరిలో వచ్చిన శాంసంగ్ ఎస్24 కు ఏడేళ్ళ హామీ ఇచ్చారు. అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన ఎ16 5జీ అనే తక్కువ ధర రకానికి కూడా ఆరేళ్ళు ఇచ్చారు. అంటే ఈ వసతి కోసం పై మెట్టు దాకా పోనక్కర్లేదు. అడగడం తెలిస్తే చాలు.

మరో ఉపాయం. ఖరీదుదే కావాలని ఇంట్లో పట్టుబడితే ఒక ఏడాది ఆగండి. 79,900 కు వచ్చిన ఐఫోన్ 16, కొత్త రకం వచ్చిన 2025 సెప్టెంబరులో 69,900 అయింది. ఫోను అదే, మారింది మోజు ఒక్కటే. ఆ మోజు ఖరీదు పదివేలు!

చివరగా, దుకాణానికి బయల్దేరే ముందు చేయవలసిన పనులు నాలుగు చెబుతాను. ఫోను ఎవరికి, ఏ పనికి అన్నది ఇంట్లోనే తేల్చుకుని, పై మొత్తం ఒక కాగితం మీద రాసుకోండి. దుకాణంలో మొదట పూర్తి నగదు ధర అడగండి, వాయిదా మాట తరువాత. "దీనికి అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారు?" అని అడగండి. కవరు, గ్లాసు, ఇన్సూరెన్సు ఒక్కొక్కటి విడివిడిగా బిల్లులో రాయించి, అక్కర్లేనివి కొట్టివేయించండి.

అప్పుడు ఆ కుర్రాడు "ఇంకొంచెం వేసుకుంటే..." అంటే కోపగించుకోనక్కర్లేదు. అతని ఉద్యోగం అతను చేస్తున్నాడు. లాభం ఏ మెట్టు మీద ఉందో అతనికి తెలుసు. ఇక మీకూ తెలుసు. రాసుకున్న కాగితం చూపించి, నవ్వుతూ, "ఇదే ఇయ్యి నాయనా" అనండి. మిగిలిన డబ్బుకు ఇంట్లో వంద పనులుంటాయి.